తెల్లరాయి మిల్లు యజమానికి ఎనిమిది చిట్కాలు

నెల్లూరు జిల్లా సైదాపురం గనుల్లో సిలికాతో నిండిన తెల్లరాయి ఉంది. చిల్లకూరు, కోట తీరంలో సిలికా ఇసుక ఉంది. ఇక మీకు కావలసింది ఒక రేకుల షెడ్డు, ఒక మిల్లు, కాస్త తెలివి. ఒళ్లు అలవకుండా ఖర్చు తగ్గించుకునే మార్గాలు వరసగా చెబుతాను. తు.చ. తప్పకుండా పాటించండి.

1. పొడి సన్నగా ఆడించండి. సముద్రపొడ్డు ఇసుక గింజ పెద్దది, ఊపిరితిత్తుల లోపలి దాకా పోదు. అదే రాయిని మిల్లులో వేస్తే 5 మైక్రాన్ల లోపు రేణువులు లేస్తాయి. తలవెంట్రుక మందంలో పదో వంతుకు మించవు. విడిగా కంటికి ఆనవు. కంటికి ఆనని దానిమీద ఫిర్యాదు రాసేవాళ్లు అరుదు.

2. నీళ్లు వాడకండి. రాయి మీద జల్లు పడితే దుమ్ము పుట్టినచోటే అణిగిపోతుంది. దానికి మోటారు, పైపులు, కరెంటు బిల్లు ఎందుకు దండగ? ఎండాకాలం ఎవరైనా అడిగితే బోరు ఎండిందనండి. వానాకాలం అడిగితే మోటారు కాలిందనండి.

3. మాస్కు బదులు బెల్లం పంచండి. సాయంత్రం తలా ఒక ముక్క పెడితే దుమ్మంతా కడుక్కుపోతుందని కూలీలే నమ్ముతారు. బెల్లం పొట్టలోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎన్‌95 మాస్కుల ఖర్చు పూర్తిగా మిగులుతుంది. మూతికి తువ్వాలు చుట్టుకోమనండి. సన్న రేణువులు దాని నేతలోంచి దూరిపోతాయి, చూసేవాళ్లకు మాత్రం జాగ్రత్తలాగే కనిపిస్తుంది.

4. మిగతా పని శరీరానికి వదిలేయండి. ఊపిరితిత్తుల్లోని కాపలా కణాలు రేణువును మింగుతాయి. అరిగించుకోలేక చస్తాయి. బయటపడ్డ రేణువును ఇంకో కణం మింగుతుంది. ఇలా జరిగినచోటల్లా గట్టి మచ్చ కడుతుంది. అప్పుడే పగిలిన రాతిపొడి మరీ చురుకైనది కాబట్టి మీ మిల్లు సరుకుకు తిరుగులేదు. సిలికోసిస్ అనే ఈ జబ్బును తిరగ్గొట్టే మందు లేదు. మందు లేనప్పుడు మందుల ఖర్చు అడిగేవాడూ ఉండడు.

5. మనుషుల్ని తరచుగా మార్చండి. దుమ్ము మితంగా ఉంటే జబ్బు బయటపడటానికి పదేళ్లు, అంతకంటే ఎక్కువే పడుతుంది. పని మానేశాక కూడా ముదురుతుంది. ఆయాసం మొదలయ్యే నాటికి కూలీ ఏ ఊళ్లో ఉంటాడో! మేస్త్రి ద్వారా పిలిపించండి, నోటిమాట మీద కూలి ఇవ్వండి, హాజరు పుస్తకం పెట్టకండి. పేరే లేనివాడు మీ దగ్గర పనిచేసినట్టు ఎలా రుజువు చేస్తాడు?

6. దగ్గితే టీబీ అనండి. సిలికా పట్టిన ఊపిరితిత్తులకు టీబీ తేలిగ్గా సోకుతుంది కాబట్టి మీ మాట సగం నిజమే అవుతుంది. బీడీల మీదకు కూడా నెట్టేయవచ్చు. ఛాతీ ఎక్స్‌రే జోలికి మాత్రం పోకండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. డాక్టరు చీటీ మీద ఆ పేరు పడితే నష్టపరిహారం దాకా పోతుంది. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ దుమ్మును క్యాన్సర్ కారకమని తేల్చింది. ఆ కాగితం ఎవరైనా తెస్తే మీకు ఇంగ్లీషు రాదనండి.

7. జిల్లాల విభజనను వాడుకోండి. 2022 ఏప్రిల్‌లో గూడూరు, చిల్లకూరు, కోట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. పాత లెక్కలు అడిగితే ఫైలు నెల్లూరులో ఉండిపోయిందనండి. నెల్లూరు నుంచి అడిగితే తిరుపతికి పంపేశారనండి. దారిలో ఉన్న ఫైలుకు వయసు రాదు.

8. ఆఫీసు షెడ్డులోనే పెట్టండి. అద్దె మిగులుతుంది. పైన పాత ఆస్‌బెస్టాస్ రేకులు వేసి, రంపంతో పొడిగానే కోయించండి. అప్పుడు లేచే ఆస్‌బెస్టాస్ పోగులు ఊపిరితిత్తుల్లో దిగితే శరీరం కొన్నింటికి ఇనుము, మాంసకృత్తులతో పూత పూసి, దశాబ్దాల తరబడి లోపలే దాచుకుంటుంది. అక్కడే గల్లాపెట్టె పెట్టి, మీ అబ్బాయిని చిన్నప్పటి నుంచే కూర్చోబెట్టండి. కూలీ పీల్చే గాలే వాడూ పీలుస్తాడు. మీరు అరవైకి రాకముందే మిల్లుతోపాటు దగ్గు కూడా మీ వంశానికి దక్కుతుంది. ఇంత తక్కువ పెట్టుబడితో తరాలకు సరిపడా ఆస్తి ఇంకే వ్యాపారమూ ఇవ్వదు. రేపే మిల్లు ఆన్ చేయండి.