నదిని పూడ్చినవారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ వాల్ట్ డిస్నీ వరల్డ్ వినోదవన పాలకుల దివ్యసముఖమునకు, నమస్కారపురస్సరముగా వ్రాసుకొను విన్నపము.

అయ్యలారా, ఈ లేఖ వ్రాయువానికి తమ సంస్థలో వాటా లేదు. తమ ఫ్లారిడా రాష్ట్రమున సెంటు భూమి లేదు. తమ టికెట్టు ధరలను గూర్చి తగవులాడుటకు తగినంత సొమ్మును లేదు. ఐనను తమ సముఖమున నిలిచి రెండు మాటలు విన్నవించుకొను అధికారము నాకు గలదని నా విశ్వాసము. మా భాషలో నండూరి రామమోహనరావుగారను రచయిత మార్క్ ట్వేన్ వ్రాసిన టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ కథలను తెనిగించియుండిరి. ఆ పుణ్యమున, మిసిసిపీ నదిని కంట జూచి యెరుగని తెలుగు పిల్లలు, కృష్ణాగోదావరుల గట్లమీద కూర్చుండియే ఆ నదిలో తెప్పలు నడిపిరి, ఆ లంకలలో దొంగలై దాగిరి, ఆ గుహలలో త్రోవ తప్పిరి. ఆ పాఠకులలో నేనొకడను. టామ్ సాయర్ పుట్టినది మీ దేశముననే యైనను, వాడు మా యిండ్లలోను పెరిగినవాడు. కనుక వానిని ఇల్లు వెడలగొట్టితిరన్న వార్త చెవినిబడినప్పుడు ఊరకుండుట నాకు సాధ్యము కాలేదు.

తాము ‘మ్యాజిక్ కింగ్‌డమ్’ అను పేర నడుపుచున్న వనమునందు, ‘రివర్స్ ఆఫ్ అమెరికా’ అను కృత్రిమ నదియు, దాని నడుమనున్న టామ్ సాయర్ ద్వీపమును, ఆ ద్వీపమును చుట్టివచ్చు ‘లిబర్టీ బెల్’ అను ఆవిరిపడవయు 2025 జూలై 6వ తేదీతో శాశ్వతముగా మూతపడినవి. ఆ నది 1971 అక్టోబరు 1న, అనగా వనము తలుపులు తెరచిననాడే, ప్రజల కన్నులబడినది. ద్వీపము 1973లో తెరువబడినది. ఆ స్థలమున, 2006 నాటి ‘కార్స్’ చలనచిత్రము ననుసరించి, కొండదారుల వెంట మాటలాడు కార్లు పరుగులు తీయు నూతన ప్రాంతమును నిర్మింపబోవుచున్నామని తాము 2024 ఆగస్టులోనే చాటించితిరి.

ఆ ద్వీపమున నేముండెడిదని తమ లెక్కల గుమాస్తాలను విచారించినచో, ఏమియు లేకుండెననియే వారు సెలవిత్తురు. బల్లకట్టు మీద ఏరు దాటవలసియుండెడిది. దాటిన పిమ్మట నడవవలసియుండెడిది. నడచినచోట చీకటి గుహలును, పీపాల మీద తేలుచు ఊగులాడు వంతెనయు, కొయ్యకోటయు, నీటిమరయు ఉండెడివి. ఏ బండియు ఎవ్వరిని కూర్చుండబెట్టి త్రిప్పెడిది కాదు; ఏ బొమ్మయు ఎదుటికి వచ్చి కథ చెప్పెడిది కాదు; త్రోవ తప్పిన పిల్లలను సరిదిద్దు చేతివ్రేలు ఏదియు లేకుండెను. తమ ఉద్యోగులు సున్నపుకుంచెలను ద్వీపమున అక్కడక్కడ దాచియుంచెడివారు. వానిని వెదకి తెచ్చిన పిల్లలకు చిన్న బహుమానము దొరకెడిది. తక్కిన వనమంతయు యంత్రములు మనుష్యులను ఆడించు చోటు కాగా, మనుష్యులు తమంత తాము ఆడుకొనుటకు మిగిలిన చోటు అదియొక్కటియే యుండెను.

తమ పక్షమున చెప్పదగిన మాటలు నాకు తెలియనివి కావు. వినోదవనము పురావస్తు ప్రదర్శనశాల కాదనియు, లోకమున ఊహ యన్నది మిగిలియున్నంతకాలము డిస్నీలాండు పూర్తి కాజాలదని వాల్ట్ డిస్నీగారే సెలవిచ్చియుండిరనియు తాము జ్ఞాపకము చేయుదురు. ఆ వాక్యమును నేను శిరసావహించుచున్నాను. 1964 న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనకై నిర్మింపబడిన ‘కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్’ 1967లో కాలిఫోర్నియాలోని డిస్నీలాండునకు వచ్చి, 1973లో ఆ చోటు విడిచి, 1975లో ఫ్లారిడాలో కాపురము పెట్టినది. అది ఖాళీ చేసిన మందిరమున ‘అమెరికా సింగ్స్’ అను సంగీత ప్రదర్శన వెలసి, 1988లో అది ముగియగా, అందు పాటలు పాడిన జంతువుల బొమ్మలు మరుసటి సంవత్సరమే ‘స్ప్లాష్ మౌంటెన్’ అను నీటికొండ రైడులో క్రొత్త కొలువునకు కుదురుకొన్నవి. ఆ నీటికొండయు 2023లో మూతబడి, 2024లో ‘టియానాస్ బయూ అడ్వెంచర్’గా మారినది. నల్లజాతివారిని కించపరచుచున్నదని నిందపడి, తమ దేశమున ఇంట చూచుకొను క్యాసెట్టుగానైనను తాము విడుదల చేయజాలకపోయిన 1946 నాటి చలనచిత్రము ఆ పాత రైడునకు మూలము గనుక, ఆ మార్పు న్యాయమైనదే. పైగా నీటికాలువ అదియే, జారుడు అదియే. మారినది కథ మాత్రమే. ఇట్టి మార్పును తప్పుపట్టువానిని చాదస్తుడనుటకు నేనును సంసిద్ధుడను.

కావున నా వివాదము పాతకు క్రొత్తకు నడుమ కాదు. తొలగింపబడినది ఏ పని చేయుచుండెడిదో ఆ పనిని, దాని పీఠమెక్కినది చేయుచున్నదా లేదా యన్నదే నా ప్రశ్న. ఈ త్రాసున తూచినప్పుడు తమ దండకములో కొన్ని పద్దులు తేలిపోవుచున్నవి. ఎప్‌కాట్ వనమున 1983 నుండి ‘హొరైజన్స్’ అను రైడు ఉండెడిది. అందు రాబోవు కాలపు బ్రతుకు ఎట్లుండునో చూపుచు, ఎడారిలో పండించిన నారింజతోట దాపున పోవునప్పుడు ఆ పండ్ల పరిమళము ముక్కునకు సోకునట్లు చేసెడివారు. కడపట ఏ దారిన ఇల్లు చేరవలెనో మీట నొక్కి తేల్చుకొను స్వాతంత్ర్యము ప్రయాణికులకే ఇచ్చెడివారు. 1999లో దానిని మూసి, నేలమట్టము గావించి, ఆ తావున 2003లో ‘మిషన్ స్పేస్’ను నెలకొల్పితిరి. అది మనుష్యులను గిరగిర త్రిప్పు యంత్రము. అందు ప్రతివాని యెదుటను వాంతి చేసికొనుటకు ఒక సంచి అమర్పబడియున్నది. నారింజ పరిమళము పోయి వాంతిసంచి వచ్చుటను పురోగతి యనుటకు శాస్త్రజ్ఞులు ఒప్పుకొన్నను ముక్కు ఒప్పుకొనదు.

ఆ ఎప్‌కాట్ లోనే నార్వే దేశపు మండపమున ‘మేల్‌స్ట్రామ్’ అను పడవ ప్రయాణముండెడిది. వైకింగులను, మూడు తలల భూతమును, ఉత్తర సముద్రమున చమురు తోడు వేదికను చూపి, ఆ దేశమును గూర్చి నాలుగు ముక్కలు తెలిపెడిది. 2014లో దానిని నిలిపివేసి, అవే కాలువలలో 2016 నుండి ‘ఫ్రోజెన్’ చిత్రములోని ఆరెండెల్ రాజ్యమునకు పడవలు నడుపుచున్నారు. భూగోళమున ఉన్న దేశమును గూర్చి చెప్పుటకు కట్టిన మండపములో భూగోళమున లేని రాజ్యమునకు పట్టాభిషేకము జరిగినది. పిల్లలు సంతోషించుచున్నారనుట సత్యమే. నార్వే పని మాత్రము నార్వే మండపములోనే ఆగినది.

ఇక నది మాట. స్థలము చాలక ఇట్లు చేసితిమని తాము చెప్పుటకు వీలులేదు. 1960ల నడిమికాలమున ఫ్లారిడాలో తమ సంస్థ కొనిన భూమి సుమారు 27 వేల ఎకరములు. 1966లో, తన మరణమునకు కొలది వారముల ముందు చిత్రింపబడిన ప్రసంగములో వాల్ట్ డిస్నీగారు, తాము ఊహింపగల ఆలోచనలన్నింటికిని చోటు చాలునంత నేల అచట గలదని మురిసిపోయిరి. తాము ఆయన మొదటి మాటను ఉదాహరింతురు గనుక ఈ రెండవ మాటను నేను ఉదాహరించితిని.

అంతకన్న విచిత్రము, కాలిఫోర్నియాలో తామే చేసిన పని. డిస్నీలాండు ఇరుకైన చోటు. ఊరు నలువైపుల క్రమ్ముకొన్నది. అచటి నదియు 1955లో వనముతో పుట్టినదే. ‘స్టార్ వార్స్’ ప్రాంతమునకు జాగా కావలసివచ్చి, 2016 జనవరిలో ఆ నదిని ఆపి, ఉత్తరపు వంపును కుదించి, క్రొత్త గట్టున జలపాతములు కట్టి, 2017 జూలైలో మరల పడవలు నడిపితిరి. 2019లో ఆ క్రొత్త ప్రాంతమును తెరచితిరి. నదియు దక్కినది, నక్షత్రయుద్ధమును దక్కినది. టోక్యో డిస్నీ వనమున నది ఉన్నది, పారిస్ డిస్నీ వనమున నది ఉన్నది. ఇరుకు చోట ఏటిని కాపాడిన చేతులే విశాలమైన చోట దానిని పూడ్చుటకు హేతువేమి?

లోకులు ఒక హేతువు చెప్పుకొనుచున్నారు. కొండెము మోయుచున్నానని తాము తలపకున్నచో విన్నవింతును. ఆ ద్వీపమునకు క్యూ లేకుండెను. బల్లకట్టు కోసము కొంచెము నిలుచుటయే గాని, గంటలకొలది ఎండలో నిలుచుట లేకుండెను. క్యూ లేనిచోట క్యూను దాటించు చీటీ అమ్ముట ఎట్లు? 1999లో తాము ప్రవేశపెట్టిన ‘ఫాస్ట్‌పాస్’ చీటీ ఉచితమే. 2021 నుండి ఆ సౌకర్యమునకు రుసుము ఏర్పడినది. నేడది ‘లైట్నింగ్ లేన్’ అను పేర విక్రయమగుచున్నది. ఊరక నడచిపోవు ద్వీపమొకటి ఈ వ్యాపారమున పద్దుకెక్కని భూమి. కార్ల రైడు ఒకటి వెలసినచో దాని ముందర క్యూ వెలయును, క్యూ వెలసినచో దానిని దాటుటకు వెల వెలయును.

ఇచటనే నాకు తమయెడ గౌరవము ఇనుమడించినది. టామ్ సాయర్ చేసిన ఘనకార్యములలో అగ్రగణ్యమైనది కంచెకు సున్నము వేయుట గదా. పిన్నమ్మ విధించిన శిక్షను వాడు మహాభాగ్యముగా నటించి, తోటి పిల్లలు ఆ పని చేయుటకై తనకే లంచమిచ్చునట్లు చేసెను. ఆపిల్ పండు, గాలిపటము, త్రాట కట్టి త్రిప్పుటకు చచ్చిన ఎలుక మున్నగు ఐశ్వర్యము ఒక్క మధ్యాహ్నములో కూడబెట్టెను. నిలుచుట యను శిక్షను తామే కల్పించి, ఆ శిక్షనుండి తప్పుకొనుటకు జనులచేతనే సొమ్ము చెల్లించుకొనుచున్న తాము, వానిని ద్వీపమునుండి వెళ్ళగొట్టితిరేగాని వాని విద్యను వెళ్ళగొట్టలేదు. గురువును సాగనంపి విద్యను దక్కించుకొన్న శిష్యులు లోకమున లేకపోలేదు. ఇంత నిర్మొగమాటముగా చేసినవారు అరుదు.

చరిత్ర తెలిసినవారికి ఇంకొక చమత్కారమును కనబడును. మార్క్ ట్వేన్ యౌవనమున మిసిసిపీ మీద ఆవిరిపడవలు నడిపినవాడు; 1859లో చుక్కానిదారుగా అనుమతిపత్రము పొందినవాడు. అంతర్యుద్ధానంతరము ఇనుపదారులు వచ్చి ఆ పడవల వర్తకమును మ్రింగివేసినవి. 1883లో ప్రకటించిన మిసిసిపీ గ్రంథమున ఆయనయే ఆ క్షయమును వర్ణించియున్నాడు. నదిమీది పడవను రైలు ఓడించినప్పుడు నది మాత్రము మిగిలినది. తమ వనమున కార్లు రైలుకన్న సమర్థములైనవి. పడవతోపాటు నదిని సైతము తీసివేసినవి.

అయ్యలారా, పూడ్చిన నదిని త్రవ్వించుడని అడుగునంతటి అమాయకుడను కాను. నా విన్నపములు మూడే.

మొదటిది: ఆ క్రొత్త కార్లసీమలో, క్యూయు చీటీయు లేక పిల్లలు కాలినడకను పోయి త్రోవ తప్పుటకు ఒక మూల విడువుడు. కొండలును అడవులును కట్టుచున్నామని తామే చాటుచున్నారు గనుక, అందులో ఒక కాలిబాటకు చోటు దొరకకపోదు.

రెండవది: పోయినవారికి తాము ఒకప్పుడు చూపిన మర్యాదను మరువకుడు. ఇదే వనమున 1971 నుండి నడచిన ‘మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్’ అను కప్పదొరగారి స్వారీ, ప్రయాణికులను రైలుకు ఢీకొట్టించి తిన్నగా నరకమునకు చేర్చు మహత్తర వినోదము. దానిని మూయవలదని అభిమానులు అచ్చుచొక్కాలు తొడిగి, తపాలాకార్డులు కుప్పలుగా వ్రాసినను, 1998 సెప్టెంబరు 7న మూసితిరి. 1999లో ఆ ఇంట విన్నీ ద పూ అను ఎలుగుబంటిని ప్రవేశపెట్టితిరి. ఐనను ఆ క్రొత్త రైడులో, గుడ్లగూబ ఇంటి గోడమీద, కప్పదొరగారు ఇంటి దస్తావేజును గుడ్లగూబకు అప్పగించుచున్న పటమును తగిలించితిరి. అది పెద్దమనుష్యుల పద్ధతి. కార్లసీమలో ఏదో యొక గోడమీద, టామ్ సాయర్ తన సున్నపుకుంచెను ‘కార్స్’ చిత్రనాయకుడైన మెక్‌క్వీన్ కారుగారికి అప్పగించుచున్న పటమొకటి వ్రేలాడదీయుడు. చేతులు లేని కారు కుంచెను పట్టుకొనుట యెట్లన్న చిక్కును తమ చిత్రకారులు తీర్పగలరు.

మూడవది, ముఖ్యమైనది: కాలిఫోర్నియాలోని నదిని ముట్టకుడు. వాల్ట్ డిస్నీగారు స్వయముగా నడచి తిరిగిన వనము అదియొక్కటే. ఆయన జీవించియుండగా, 1956లో తెరువబడిన టామ్ సాయర్ ద్వీపము, తరువాత సముద్రపు దొంగలు వచ్చి చేరినను, అచట ఇంకను ఉన్నది. 1955 నాటి కప్పదొరగారి స్వారీయు అచట నేటికిని నరకమునకు పోవుచునే యున్నది. ఆ రెండింటికిని క్రొత్త వారసులను వెదకవలదని, వెదకబుద్ధి పుట్టినప్పుడు తమకు ఫ్లారిడాలో గల వేల ఎకరముల పటమును ముందు తెరచి చూచుకొనవలెనని తమను ప్రార్థించుచున్నాను.

చిత్తగింపవలెను.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
టామ్ సాయరును తెలుగున చదివినవారిలో ఒకడు.