మేస్త్రీ కాదలచినవానికి హితోపదేశము

రంగమునకు, అనగా బర్మాలోని రంగూనునకు, కూలీలను చేర్చు మేస్త్రీ కావలెనని ముచ్చటపడు యువకుడు కచేరీ తెరవనక్కరలేదు. ధవళేశ్వరము లాకుల చెంత, వైశాఖపు టెండలో, గొడుగు వేసికొని నిలుచుండిన చాలును. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్ట పనికి వేలకొలది జనము కూలికై తరలివచ్చిన యీ గట్టునుండియే, డెల్టా సస్యశ్యామలమైన పిమ్మట, జనమును సముద్రము దాటించుట యెట్లని నీవు శంకింపవచ్చును. పొలమునకు నీరు వచ్చినదే గాని పాలేరునకు పొలము రాలేదు. వేసవిలో కాలువలు కట్టివేసినంతనే వానికి కూలియు కట్టువడును. నీకు అదియే సుముహూర్తము.

బలాత్కారము మూఢుల మార్గము. ఈ విద్యకు ప్రథమాంగము బంధుత్వము గావున, సొంత ఊరిలో, సొంతవారిలోనే మొదలిడి, ప్రతివానితోను వరుస కలుపుము: "ఏరా అల్లుడూ, మా అక్క కులాసాయేనా?" అక్క కులాసాగా ఉండదు, వేసవిలో ఎవరింటను కులాసా ఉండదు. అప్పుడు వెంటనే, వడ్డీ ప్రస్తావన లేకుండ, నాలుగు రూపాయలు చేతిలో పెట్టుము. రంగములో ధనము రాశులు పోసియున్నదని చెప్పకుము, అబద్ధమునకు సాక్షులు కావలసివచ్చును. పట్టులుంగీ కట్టి, మాటిమాటికి చేతిగడియారము చూచుకొనుము, తక్కినది వారే ఊహించుకొందురు. కోత లయిపోయి, రంగపు మిల్లులలో వడ్లు ఆడు ఋతువు రాగానే బాకీ అడుగుము. తీర్చలేనివాడు పడవ యెక్కును.

ప్రయాణమును గూర్చి చింతింపకుము. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కాలువలను సేద్యమునకే గాక పడవలకును అనువుగా త్రవ్వించెను గనుక, ఇచ్చట లాకు దాటిన పడవ కాకినాడ చేరును. అచ్చట పొగయోడ సిద్ధము. ఇంతటి ఉపకారమునకు మేస్త్రీలందరును చందాలెత్తి దొరగారికి విగ్రహము పెట్టింపకపోవుట కృతఘ్నతయే.

రంగము చేరినపిమ్మట నీ పని తేలిక. మిల్లువాడు కంట్రాక్టరునకు, కంట్రాక్టరు పెద్దమేస్త్రీకి, పెద్దమేస్త్రీ చిన్నమేస్త్రీకి, చిన్నమేస్త్రీ జట్టుమేస్త్రీకి ఇచ్చుచు వచ్చిన కూలిడబ్బు, ప్రతి చేతిలోను కొంత విశ్రమించి, ఆలస్యముగా కూలివానిని చేరుటయే అచ్చటి సంప్రదాయము. దానిని నీవు భంగపఱుపకుము. లెక్క నీ పుస్తకములోనే ఉండవలెను, అక్షరము వానికి రాకుండవలెను. అడ్వాన్సు పుచ్చుకొని పని విడిచి పాఱిపోయినవానిని కోర్టు కీడ్చుటకు 1859 నాటి చట్ట మొకటి ఉండెడిది. అప్పు ఎగవేత సివిలు తగవుగా నుండుట లోకరీతి కాగా, కూలివాని విషయమున మాత్రము అది జైలుశిక్ష దాక పోవు నేరము. 1925లో ఆ చట్టము రద్దయ్యెను. ఆనాడు మేస్త్రీలకు సూతకము.

కష్టకాలములందు నీవు ముందుండకుము. 1930 మే నెలలో రంగమున, మన కోరంగి రేవు పేరనే బర్మీయులు కొరింగీలని పిలుచు తెలుగు ఓడకూలీలు కూలి పెంపునకై సమ్మెకట్టగా, ఓడలకు సరుకు ఎత్తించి దింపించు స్టీవడోరులు వారి స్థానమున బర్మీయులను చేర్చుకొని, సమ్మె తీఱినంతనే ఆ బర్మీయులను వెడలగొట్టిరి. దానివలన చెలరేగిన అల్లర్లలో నూఱుమందికి పైగా మరణించిరి. చేర్చినవారును, వెడలగొట్టినవారును మాత్రము ఆ వీథులలో కానరాలేదు. 1941 డిసెంబరు 23న రంగముపై జపాను బాంబులు పడినపిమ్మట, లక్షలకొలది జనులు అరకాను, అస్సాము అడవిదారులను కాలినడకన మాతృదేశమునకు మఱలిరి. దారిలో రాలిపోయినవారు అనేకులు. వారి బాకీలు నీ పుస్తకములో చెల్లుబడి కాక మిగులును. వ్యాపారములో ఆ మాత్రపు నష్టము సహజమని ఓర్చుకొనుము.

ఇక, మేస్త్రీ కాదలచని పాఠకునకు ఒక్క మాట. ఇదే గోదావరి మండలమునుండి నేడు కువైటునకు, మస్కటునకు ఆడపడుచులను చేర్చు ఏజెంటు 1983 నాటి వలస చట్టము క్రింద రిజిస్టరై యుండవలెను. అతడు ఏ వరుస కలిపి పిలిచినను, రూకలు ముట్టజెప్పుటకు ముందు ఆ రిజిస్ట్రేషను సంఖ్య అడుగుడు.