కూతవేటు దూరం

మా బావమరిది ఫ్లాట్ కొందామనుకున్నాడు. బ్రోచర్ మొదటి పేజీలోనే పెద్దక్షరాలు: ‘రైల్వేస్టేషన్‌కు కూతవేటు దూరం’. లోపలి పేజీలో ఒక అమ్మాయి లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని, పూలమొక్కల మధ్య నుంచి నవ్వుతూ ప్లాట్‌ఫారం మీదికి నడిచిపోతోంది. “బావా, మీరు పేపర్లో రాస్తారు కదా, ఒకసారి వచ్చి చూడండి” అన్నాడు. వెళ్లాం.

పదకొండో అంతస్తు బాల్కనీ నుంచి చూస్తే స్టేషన్ నిజంగానే కనిపించింది. రాయి విసిరితే ప్లాట్‌ఫారం మీద పడేలా ఉంది. సరే, నడిచి చూద్దామని దిగాం. ముందు అపార్ట్‌మెంట్ గోడ, తర్వాత నాలా, నాలా దాటాక రైల్వే గోడ. స్టేషన్ గుమ్మం అవతలి వైపు. ఇవతలి వాళ్లు ఫ్లైఓవర్ దాకా వెళ్లి, లారీల పక్కన ఒదిగి నడిచి, చెత్తకుప్పకు ప్రదక్షిణం చేసి చేరుకోవాలి. నలభై నిమిషాలు పట్టింది. ఏజెంటును నిలదీస్తే తొణకలేదు. “కూతవేటు అన్నాం సార్, నడకవేటు అన్లేదు. కూత వినపడుతోందా లేదా?” సరిగ్గా అప్పుడే గూడ్సు బండి కూత పెట్టింది. సాక్ష్యం రైల్వేదే అయ్యాక ఇంకేం మాట్లాడతాం!

స్టేషన్ పక్కన ఇళ్లు లేపే ఈ తతంగాన్ని చదువుకున్నవాళ్లు టీఓడీ అంటారు. ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్. పీటర్ కాల్‌థార్ప్ అనే అమెరికా ప్లానర్ 1993లో పుస్తకం రాసి ఈ ఆలోచనను చలామణీలోకి తెచ్చాడు. కారు లేనిదే పాలప్యాకెట్టు కూడా తెచ్చుకోలేని ఊళ్లు కట్టుకుని వాళ్లు లెంపలేసుకుంటున్న రోజులవి. స్టేషన్ చుట్టూ ఇళ్లూ దుకాణాలూ ఆఫీసులూ దగ్గరదగ్గరగా ఉంటే జనం నడిచొచ్చి రైలెక్కుతారు, అంతే సంగతి. మన కేంద్రం కూడా 2017లో జాతీయ విధానం తెచ్చింది: స్టేషన్ నుంచి 500 నుంచి 800 మీటర్ల లోపు, పది పన్నెండు నిమిషాల నడక. ఆ వలయాన్ని పటం మీద వృత్తలేఖినితో గీస్తారు. గోడలూ నాలాలూ అడ్డురానిది వృత్తలేఖినికీ, హనుమంతుడికీ మాత్రమే.

టీఓడీకి ఎక్కడైనా ఎర ఒకటే: స్టేషన్ దగ్గరైతే ఎక్కువ అంతస్తులు వేసుకోనిస్తాం. అహ్మదాబాద్‌లో మెట్రో, బీఆర్‌టీఎస్ బస్సు మార్గాలకు అటూ ఇటూ 200 మీటర్ల మేర ఎఫ్‌ఎస్‌ఐ 4 దాకా ఇస్తారు. అంటే వంద గజాల జాగాలో నాలుగు వందల గజాల కట్టడం. హైదరాబాద్‌లో ఈ ఎర పనిచేయదు. చేపకు మనం 2006లోనే చెరువు రాసిచ్చేశాం. జీవో 86తో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఎత్తేసి, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి మేడ ఎత్తు అన్నాం. రైలు ఎంత దూరమో రాసే గడి ఆ లెక్కలోనే లేదు. అందుకే బోరబండ స్టేషన్ ఇరుకు సందుల మధ్య నక్కి ఉంటే, పట్టాలే లేని కోకాపేటలో 2023 వేలంలో ఎకరం నూరు కోట్లు దాటింది. మేడలు రోడ్డు చూసుకుని లేచాయి. రైలేమో జనాన్ని వెతుక్కుంటూ తిరుగుతోంది.

హైటెక్ సిటీ పేరుతో మనకు రెండు స్టేషన్లున్నాయి, ఎంఎంటీఎస్ లోకల్ రైలుది ఒకటి, మెట్రోది ఒకటి. మధ్యలో రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఊరికి కొత్తవాడు ఒకదాంట్లో దిగి రెండోది ఎక్కడని అడిగితే ఆటోవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. జీవనోపాధి పథకంగా చూస్తే ఇది దివ్యమైన ప్రణాళిక.

చర్లపల్లి సంగతి ఇంకా ముచ్చట. సుమారు 413 కోట్లు పెట్టి టెర్మినల్ కట్టారు, 2025 జనవరి 6న ప్రధాని ప్రారంభించారు. విమానాశ్రయంలా ఉందన్నారు. నిజమే, ఉంది. దారి మాత్రం తర్వాత చూద్దాంలే అన్నట్టు మిగిలింది. స్టేషన్ రైల్వేది, రోడ్డు రాష్ట్రానిది. ఆడపెళ్లివారు మండపం వేశారు, బాట మగపెళ్లివారు వేయాలట. ముహూర్తం దాటిపోతుందని తాళి కట్టించేశారు. భోజనాలకొచ్చేవాళ్లు బురదలో పడొస్తారో గోడ దూకొస్తారో వాళ్ల ఖర్మ.

అసలు రైలు గురించి చెప్పనేలేదు. ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. టికెట్టు ఐదు రూపాయల నుంచి మొదలు. ఆడవాళ్ల ఉచిత బస్సును పక్కనపెడితే నగరంలో ఇంత చవక ప్రయాణం లేదు. కానీ చాలాచోట్ల ఎక్స్‌ప్రెస్‌లు నడిచే పట్టాల మీదే ఇదీ నడవాలి. పెద్దింటి బండి వస్తోందంటే పేదింటి చుట్టంలా పక్కకు ఒదిగి నిలబడుతుంది. అదెప్పుడొస్తుందో తెలియని స్టేషన్ చుట్టూ నలభై అంతస్తులు లేపితే పెరిగేది ప్రయాణికులు కాదు, పార్కింగ్ గొడవలు.

“కొనమంటారా బావా?” అన్నాడు మావాడు. స్టేషన్ కోసమైతే వద్దు, కూత కోసమైతే కొనుక్కోమన్నాను.

కొత్త టీఓడీ పటాలు గీస్తున్న పెద్దలకు ఒక విన్నపం. వలయాలు తర్వాత గీయొచ్చు. ముందు ఆ నాలా మీద నాలుగు పలకలు పరిచి, ఇవతలి వైపు రైల్వే గోడకు ఒక గేటు పెట్టించండి. మూడడుగుల వెడల్పు చాలు. దానికి కన్సల్టెంటు అక్కర్లేదు, మా వీధిలోనే తాపీమేస్త్రి ఉన్నాడు.