నయాపూల్ దాటాలంటే వీసా

మూసీ థేమ్స్ అవుతుందట. ఈ వారం కూడా ఆ మాటే చెవిన పడింది. మునుపటి ఏలికలు పాతబస్తీని ఇస్తాంబుల్ చేస్తామన్నారు. పెద్దల మాట కాదనే అలవాటు నాకు లేదు గనక, రెండూ అయిపోయాయనే అనుకుంటున్నాను. వచ్చిన చిక్కల్లా రాకపోకలకే.

ఉస్మానియా ఆసుపత్రి ఇవతలి ఒడ్డున, ఇండియాలో ఉంది. అవతలి ఒడ్డున హైకోర్టు టర్కీలో ఉంది. నడుమ పారేది ఇంగ్లండు. కాబట్టి అఫ్జల్‌గంజ్‌లో ఇమిగ్రేషన్ కౌంటర్ తప్పదు.

“ఎక్కడికి?”

“లాడ్‌బజార్‌కు సాబ్. చెల్లె పెండ్లికి గాజులు.”

“తిరిగొస్తావని గ్యారంటీ ఏంటి?”

“ఆటో ఈడనే పెట్టిన సాబ్. దాని మీద ఫైనాన్సుంది.”

ఫైనాన్సున్నవాడు ఎక్కడికి పారిపోతాడు! ఇస్తాంబుల్‌కు వీసా కొట్టారు. వంతెన పొడవునా ఇంగ్లండే కనక దానికి ట్రాన్సిట్ వీసా వేరే. నడుస్తూ ముక్కు మూసుకుంటే మిత్రదేశాన్ని అవమానించిన నేరం కింద కేసు.

కోఠీలో కాపురముండే వకీళ్లు రోజూ విదేశాలకెళ్లి వాదించి సాయంత్రానికి స్వదేశం చేరుతున్నారు. ఫీజు డాలర్లలో అడుగుతున్నారని వినికిడి. మదీనా దగ్గర బిర్యానీ పార్సెల్ కట్టిస్తే దిగుమతి సుంకం. పత్తర్‌గట్టీ కుర్రాళ్లందరూ రాత్రికి రాత్రి ఎన్నారై సంబంధాలైపోయారు, రేటు పెరిగింది. అందరికన్నా ఇబ్బంది పురానాపూల్‌ది. 1578లో కట్టిన వంతెన, ఊరికంటే 13 ఏళ్లు పెద్దది. పుట్టిన తేదీ సర్టిఫికెట్ తెమ్మంటే ఎక్కణ్నుంచి తెస్తుంది? 2024లో మనవాళ్లు సియోల్ వెళ్లి అక్కడి నదిని కూడా చూసొచ్చారు కాబట్టి చాదర్‌ఘాట్ దగ్గర నది కొరియాలోకి మలుపు తిరుగుతుంది. దోమలకింకా ఆ సంగతి తెలిసినట్టు లేదు, పాత భాషలోనే కుడుతున్నాయి.

థేమ్స్ ఫొటోల్లో పడవలుంటాయి, దీపాలుంటాయి. విక్టోరియా ఎంబాంక్‌మెంట్ మీద షికారు చేసేవాళ్ల కాళ్ల కింద ఏముందో ఫొటోలో పడదు. అక్కడున్నది బజాల్జెట్ అనే ఇంజనీరు వేయించిన మురుగు సొరంగం. 1858 ఎండాకాలంలో నది కంపు పార్లమెంటు లోపలికే వచ్చింది. తెరలను బ్లీచింగ్ నీళ్లలో ముంచి వేలాడదీసినా ఆగలేదు. అప్పటికిగానీ సభ్యుల్లో కదలిక రాలేదు. మన అసెంబ్లీ నాంపల్లిలో ఉంది. మూసీ కంపు అంతదూరం పోదు.

1908 వరద వేలమందిని పొట్టన పెట్టుకుంటే విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించుకున్న ఊరండీ ఇది! నదిని ఎలా చూసుకోవాలో లండన్ వెళ్లి నేర్చుకోవాలా? ఆ రెండు చెరువుల పరీవాహకానికి 1996 నుంచీ కాపలా ఉన్న 111 జీవోను 2022లో సడలించింది ఎవరు, లండన్ వాళ్లా? 2024లో ఒడ్డునున్న పేదల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీఎక్స్’ అని, అంటే ఇల్లు నదీగర్భంలో ఉందని, రాసిపోయారు. కరెంటు మీటర్లు బిగించి బిల్లులు వసూలు చేసిన ఇన్నేళ్లూ అది నది అని ఎవరికీ గుర్తురాలేదు. ఊరి మురుగంతా తెచ్చి మూసీలో కుమ్మరించే నాలాల మీద, ఫ్యాక్టరీల గొట్టాల మీద ఆ రంగు ఎందుకు పడదు? పేదోడి గోడ దగ్గరికొచ్చేసరికే డబ్బా ఖాళీ అయిపోయిందా?