వాము పక్కన నక్కకూ చోటుండేది

ఎలుకల మందు కోసం ఇంటింటా చందా వసూలు చేసే కాలం వస్తుందని మా బాపు కలలో కూడా అనుకొని ఉండడు. అమీర్‌పేటలో నేనుండే అపార్ట్‌మెంటులో ఇప్పుడు జరుగుతున్నది అదే. సెల్లారులో పందికొక్కులు కార్ల వైర్లు కొరుకుతున్నాయి. లిఫ్టు గుంతలో పిల్లలు పెడుతున్నాయి. సంఘం వాళ్లు మందు పెట్టిస్తారు, చచ్చినవి కంపు కొడతాయి, నెల తిరిగేసరికి కొత్తవి దిగుతాయి. మళ్లీ చందా. ఇంతమంది చదువుకున్నవాళ్లున్న చోట, అక్షరం ముక్క రాని మా అవ్వకు తెలిసిన సంగతి ఒక్కరికీ పట్టకపోవడం చూస్తే నాకు కోపం వస్తుంది. ఎలుకను పట్టేవాళ్లను ఊళ్లోంచి వెళ్లగొట్టుకున్నాం. వాళ్లలో పామూ గుడ్లగూబా ఉన్నాయి, గుంటనక్కా ఉంది. ఆ గుంటనక్క గురించే నా బాధ.

మా రోజుల్లో, అంటే 1950ల్లో, అమీర్‌పేట పట్నం అంచు. ఎల్లారెడ్డిగూడ, బల్కంపేట, ఎర్రగడ్డ వేటికవే ఊళ్లు. మధ్యలో జొన్న చెలకలు, బావుల కింద వరిమళ్లు, కూరగాయల తోటలు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు హైదరాబాద్ పేరు మోసిన రోజులవి. పంజాగుట్ట వైపు చూస్తే రాళ్ల గుట్టలు, మిట్ట మీద నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రం మంజిల్. దానికి అవతల బంజారా హిల్స్ అంటే గుండ్లూ, సీతాఫలం పొదలూ, అక్కడక్కడా ఒక బంగ్లా. పొద్దు గూకితే ఆ గుండ్లలోంచి నక్కల ఊళ మొదలయ్యేది. ఒకటి అందుకుంటే పది పలికేవి. పిల్లలం దుప్పట్లు ముసుగేసుకునేవాళ్లం. పెద్దవాళ్లు మాత్రం లెక్కచేసేవాళ్లు కాదు.

ఆ ఊళ పెట్టేది పెద్ద నక్క. గుంటనక్క వేరు. అది పిల్లి కన్నా కాస్త పెద్దది, మూడు కిలోలుంటే గొప్ప. సన్నటి కాళ్లు, పెద్ద చెవులు, కుచ్చు తోక, తోక చివర నల్లగా ఉంటుంది. మిట్ట నేలలో, పొలం గట్లలో బొరియ తవ్వుకుంటుంది. బొరియకు ఒక్క నోరుండదు, నాలుగైదుంటాయి. ఒక దాంట్లోంచి ఎవరైనా తరిమితే ఇంకో దాంట్లోంచి దాటిపోవడానికి. మగదీ ఆడదీ కలిసే కాపురం చేస్తాయి, కలిసే పిల్లలను సాకుతాయి. చలి వెనక్కు తగ్గే వేళకు రెండు మూడు, మహా అయితే నాలుగు పిల్లలు పెడతాయి.

ఆ వేళ ఎందుకని అడిగితే మా ఇంటి వెనకే జవాబు ఉండేది. జొన్న కోత, కల్లం, గడ్డివాము, అన్నీ ఆ రోజుల్లోనే. కోసిన కంకి కల్లంలో పడేది, నూర్చిన గింజ గుమ్మిలోకీ పాతరలోకీ పోయేది, చొప్ప వామైపోయేది. గింజ ఉన్నచోటికి ఎలుక రాక మానదు. పందికొక్కు తిని ఊరుకునే రకం కాదు, కంకులు కొరికి తన కన్నంలోకి మోసుకుపోయి దాచుకుంటుంది. ఒక్కో కన్నం తవ్వితే శేర్ల కొద్దీ గింజ దొరికేది. ఆ ఎలుకల కోసం గుంటనక్క వాము దగ్గరికి చేరేది. మా వాము వెనక గట్టులోనే ఒక జంట కాపురముండేది. పగలు బొరియ నోట ఎండ కాచుకునేవి. చీకటి పడ్డాక వాము చుట్టూ, పశువుల కొట్టం చుట్టూ చెవులు రిక్కించుకుని తిరిగేవి. మాకు ఎలుకల మందు అన్న మాటే తెలియదు.

నేను రాయి అందుకున్నప్పుడల్లా మా అవ్వ కసిరేది: "దాన్నేమనకు బిడ్డా. ఎలుకల్ని తింటది, చెదల్ని తింటది. దాని తిండి అది తింటది, మన తిండి మనకు మిగుల్తది." అవ్వ అన్న ప్రతి మాటా నిజమే. గుంటనక్క తిండిలో ఎలుకలు, మిడతలు, పేడపురుగులు, చెదలు, ఎండ్రకాయలే ఎక్కువ. పండ్ల కాలంలో రేగుపండ్లు, వేపపండ్లు ఏరుకు తింటుంది. మేకలనూ గొర్రెలనూ ముట్టేంత ఒళ్లు దానికి లేదు.

నక్కలవల్ల నష్టమే లేదని నేననడం లేదు. పెద్ద నక్క వేరుశనగ తవ్వేది, మక్క కంకి లాగేది, ద్రాక్ష పండితే గుత్తులు తెంపేది. కోడిపిల్ల బయట తిరిగితే గుంటనక్క కూడా వదిలేది కాదు. అందుకే తోట చుట్టూ ముళ్లకంప వేసేవాళ్లం, కోళ్లను గంప కింద మూసేవాళ్లం, రాత్రి మంచె మీద కూచొని డబ్బా కొట్టేవాళ్లం. పిట్టకింత, నక్కకింత పోతుందని లెక్క వేసుకున్నాకే మా బాపు విత్తనం చల్లేవాడు. కాపలా కాయడం మన పని, కడుపు నింపుకోవడం దాని పని. ఈ రెండూ తెలిసిన రైతు నక్క వంశాన్ని నాశనం చేయాలనుకోడు.

మరి పోయింది ఎక్కడ? అమీర్‌పేటలో సారథి స్టూడియో లేచింది, 1959లో అక్కడ తీసిన 'మా ఇంటి మహాలక్ష్మి' విడుదలైంది. పంజాగుట్టలో ఎముకల దవాఖానా వచ్చింది, తర్వాత అదే నిమ్స్ అయింది. సంజీవరెడ్డి నగర్ వచ్చింది, శ్రీనగర్ కాలనీ వచ్చింది. అప్పటిదాకా నక్కలకు బతుకు గడిచింది. ఇళ్ల మధ్య ఖాళీ జాగాలుండేవి, పెరడుండేది, మట్టి కనిపించేది. ఆ తర్వాతి కాలం వాటిని మింగేసింది. చెలకలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి, అపార్ట్‌మెంట్ల కింద సెల్లార్లు పడ్డాయి. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోచింగులు, వాటి చుట్టూ హాస్టళ్లు. 2017 నవంబరులో మెట్రో కూడా మా నెత్తి మీదికొచ్చింది. గుట్టల మీది గుండ్లను పేల్చి కంకర కొట్టారు. బొరియ తవ్వుకుందామంటే జానెడు మట్టి లేదు. చెత్తకుప్పల మీద బలిసిన వీధికుక్కలు ఒంటరి నక్కను బతకనివ్వవు. వాటినుంచి అంటుకునే రేబిస్, డిస్టెంపర్ జబ్బులు మిగిలినవాటిని తీసుకుపోతాయి.

ఇర్రం మంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కడతామన్నప్పుడు జనం కోర్టుకెక్కారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. చాలా మంచి పని జరిగింది. మేడను కాపాడుకున్నాం. ఆ మేడ చుట్టూ గుట్టలో కాపురమున్న జీవాల గురించి ఏ కాలంలోనూ ఒక్క అర్జీ పడలేదు.

లండన్‌లో నక్కలు ఊరి మధ్య తిరుగుతున్నాయి కదా, మన నక్కలకేం వచ్చిందని మా మనవడు అడుగుతాడు. అక్కడిది ఎర్ర నక్క, జాతి వేరు. 1930ల్లో ఆ ఊరు శివార్లకు పెరిగినప్పుడు ప్రతి ఇంటికీ వెనక తోట వదిలి కట్టారు. ఆ తోటల్లోని చెక్క షెడ్ల కింద నక్క పిల్లలను పెట్టుకుంది. మనం గోడకు గోడ ఆనించి, ఉన్న కాస్త సందులో కూడా సిమెంటు పోశాం. నక్క పట్నంలో బతకలేదనడం అబద్ధం. బతకనిచ్చే పట్నం మనం కట్టలేదు.

నాకు ఇంకా మండేది విషం గురించి. పొలాల్లో, గోదాముల్లో ఇప్పుడు బ్రోమాడయొలోన్ పెడుతున్నారు. అది తిన్న ఎలుక వెంటనే చావదు, రక్తం గడ్డకట్టక కొన్ని రోజులకు చస్తుంది. ఈలోగా మత్తుగా తిరిగే ఆ ఎలుకను గుడ్లగూబో నక్కో పడితే, విషం దాని ఒంట్లోకీ ఎక్కుతుంది. ఎలుకకు ఏడాదిలో ఎన్నో ఈతలు, నక్కకు ఒక్కటే. మళ్లీ ముందుగా లేచేది ఎవరో వేరే చెప్పాలా? దీనికి తోడు నక్క కొమ్మని, తావీదని అమ్మేవాళ్లు, కొనేవాళ్లు. నక్కకు కొమ్ముండదు. పుర్రె ముక్కకు బొచ్చు చుట్టి అమ్ముతారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నక్కను చంపడం నేరం. తోక తొక్కితే అదృష్టమని సామెత చెప్పుకునే జాతి ఆ జీవాన్ని ఇలా చూడటం సిగ్గుచేటు.

అన్నిటికీ మూలం ఒక్కటే. గడ్డి, పొద, గుండు ఉన్న నేలను మనం బంజరన్నాం. అమీర్‌పేటకు దగ్గరే బాలానగర్‌లో ఉన్న రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతో 2000లో దేశం మొత్తానికి బంజరు భూముల అట్లాస్ అచ్చు వేశారు. పొదలున్న నేల అందులో ఒక పద్దు. గుంటనక్క ఇల్లు సర్కారు కాగితంలో పనికిరాని భూమి అయింది. మా పెద్దవాళ్లు దాన్ని కంచె అన్నారు. పశువులు మేసేది అక్కడే, వంటచెరుకు దొరికేది అక్కడే, వాన నీరు ఇంకేది అక్కడే. ఊరికి కంచె ఉంటేనే ఊరు ఊరనుకున్నారు.

మిగిలిన కంచెలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసం కాపాడిన గడ్డిమైదానం గుంటనక్కలకూ నీడనిచ్చింది. అంటే చోటిస్తే అవి బతుకుతాయని తేలింది. మన పక్కనే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి యంత్రాలు పోతే 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. విద్యార్థులు గొంతెత్తకపోతే అదీ నేలమట్టమయ్యేది. ఆ పిల్లలకు నా దండం.

చేవెళ్ల, శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు ఇంకా కల్లాలున్న ఊళ్లున్నాయి. మా అమీర్‌పేట అరవై ఏళ్ల కింద ఎక్కడుందో అవి ఇప్పుడు అక్కడున్నాయి. ప్లాట్ల రాళ్లు పాతేముందే ఊరికో కంచె వదలాలని పంచాయతీ తీర్మానం రాసుకోండి. లేఔటుకు సంతకం పెట్టే అధికారి గుండ్లూ గట్లూ ఉన్న చోటును పార్కు పేరుతో చదును చేయనివ్వొద్దు. వాము పక్కన బొరియ కనిపిస్తే రైతు దాన్ని పూడ్చొద్దు, కోళ్లను గంప కింద మూస్తే చాలు. ఇవేవీ డబ్బు ఖర్చయ్యే పనులు కావు. ఎలుకల మందుకు మేం కడుతున్న చందా మీ పిల్లలు కట్టకూడదంటే చేయాల్సినవి ఇవే, అదీ ఇప్పుడే.