కావలెను: కాదనని ప్రజలు

వాతావరణ మార్పును తట్టుకునే ప్రణాళికల్లో పౌర సమాజానికి పెద్దపీట వేశామని పెద్దలు చెబితే నమ్మండి. పీట నిజంగానే వేస్తారు. దాని ముందు బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, నీళ్ల సీసా, పేరు రాసిన అట్టముక్క. ఈ పని అందరి భాగస్వామ్యంతో, పారదర్శకంగా, బలహీనులను దృష్టిలో పెట్టుకుని జరగాలని 2015 పారిస్ ఒప్పందం ఏడో అధికరణంలో రాసుకున్నారు. అప్పట్నుంచి తెల్లగుడ్డలకు గిరాకీ పెరిగింది.

ఆ తంతు మాకు కంఠతా వచ్చు. పుంగనూరు వైపు నుంచి నలుగురు రైతులను, ఇద్దరు మహిళా సంఘం లీడర్లను జీపెక్కించి తిరుపతిలో ఏదో హోటలుకు తీసుకుపోతారు. వాళ్లు దిగేసరికే 'ముసాయిదా' స్పైరల్ బైండింగ్ అయి ఉంటుంది. ఒక రైతు లేచి "బోర్లో నీళ్లు యాడుండాయి సార్?" అంటాడు. 'నీటి లభ్యతపై అర్థవంతమైన చర్చ జరిగింది' అని మినిట్స్‌లో ఎక్కుతుంది. సంఘం లీడరమ్మ "ముందు ఆ బోరు లారీలను ఆపండి" అంటుంది. అది ఎక్కదు. హాజరు పట్టీలో మాత్రం ఇద్దరి సంతకాలూ ఉంటాయి.

స్వచ్ఛంద సంస్థలు తక్కువ తిన్నాయా? ఊరి నడిమధ్య రంగుల ముగ్గుపిండితో చెరువు, గుడి, గుట్ట గీయించి, మిద్దె మీద నుంచి ఫొటో తీసి, డబ్బులిచ్చే దేశానికి పంపేదాకా కొందరికి నిద్ర పట్టదు. ముగ్గు సాయంత్రానికి గాలికి పోతుంది. ఫొటో మూడు ప్రాజెక్టులకు పనికొస్తుంది. బిల్లులు మార్చి 31 లోపల పెట్టాలి గనక జనాభిప్రాయం కూడా ఆ లోపలే ఏర్పడాలి.

మా కరువు సీమ జనానికి లెక్కలు రావు గనక ఇంత ఓపిక పడుతున్నారేమో అనుకుందామా? 2003 నుంచి కొన్నేళ్లు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో, నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ ముందు నడవగా, భూగర్భ జలాలను రైతులే చూసుకునే పథకం ఒకటి సాగింది. ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లు. అందులో చిత్తూరు జిల్లా కూడా ఉంది. చదువు అంతంతమాత్రంగా ఉన్న రైతులు వానను కొలిచారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటి మట్టం చూసి గోడ మీద రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావలసినవెన్ని అని లెక్క కట్టారు. లోటు తేలిన చోట చాలామంది వరి తగ్గించుకున్నారు. పోలీసులు రాలేదు, జీవో రాలేదు. ఆ తర్వాత ఇవే కరువు జిల్లాల్లో వాతావరణ మార్పును తట్టుకునే పైలట్ పథకం కూడా నడిపారు. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ వాళ్లయితే ఆంధ్ర పల్లెల్లో రైతుల చేత నీళ్ల ఆటే ఆడించారు: అందరూ నీళ్లు తాగే పంటే ఎంచుకుంటే ఎన్ని రౌండ్లలో పాతాళం ఎండుతుందో చూసుకోమని.

మరి ఆ లెక్కలు ఏమయ్యాయి? ప్రాజెక్టు అయిపోయింది, గోడకు సున్నం పడింది. బోర్లను అదుపు చేయడానికి 2002లో వాల్టా చట్టం తెచ్చారు గానీ, ఊరు కట్టిన లెక్కకు ఆ చట్టంలో బలమేమీ లేదు. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గు వెయ్యి అడుగులకు పైన ఎన్ని దించమన్నా దించుతుంది. ఎవరినీ సంప్రదించదు, మినిట్స్ రాయదు. ఇక మదనపల్లె టమాటా మార్కెట్టుంది. 2023 జూలైలో కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది. అది చూసి ఎవరు నారు పోయలేదు? కొన్ని వారాల్లో ధర దిగొచ్చింది. ఇక్కడ ఏ పంట వేయాలో తేల్చేది ఆ ధరల బోర్డే. ఏ ముసాయిదాలోనూ దాని పేరుండదు.

అసలు చిక్కు వేరే. ఊరి లెక్క అప్పుడప్పుడు 'వద్దు' అంటుంది. ప్రణాళికలకు కావలసింది 'ఊ' కొట్టే జనం.

కుప్పాన్ని అడగండి. అప్పటి ముఖ్యమంత్రి నియోజకవర్గం కదా, 1990ల చివర్లో అక్కడ ఇజ్రాయెల్ సేద్యం దిగింది. చిన్న కమతాల గట్లు చదును చేసి, డ్రిప్పు పైపులు పరిచి చూపించారు. 1999లో మెకిన్సే తోడ్పాటుతో రాష్ట్రమంతటికీ అదే బాటలో విజన్ 2020 ప్రణాళిక వచ్చింది. 2001 జూన్‌లో మెదక్ జిల్లా ఆల్గోల్‌లో దాని మీద 'ప్రజాతీర్పు' పెట్టారు. చిన్న రైతులు, కూలీలు, ఎక్కువమంది ఆడవాళ్లే, జ్యూరీగా కూర్చుని అధికారుల వాదనా, నిపుణుల వాదనా విని ఆ దారి మాకొద్దన్నారు. రాష్ట్రానికి డబ్బులిస్తున్న బ్రిటన్ సహాయ సంస్థ ఆ నివేదిక మీద అభ్యంతరం లేవదీసింది. జనాన్ని అడగమన్నది వాళ్లే, జనం చెబితే నొచ్చుకున్నదీ వాళ్లే.

ఇన్నేళ్లకు కుప్పానికి కృష్ణా నీళ్లు 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి వదిలారు, 2025 ఆగస్టులో ఇంకొక ముఖ్యమంత్రి హారతిచ్చారు. అంత దూరం నుంచి వచ్చిన నీళ్లతో ఏ చెరువు కింద ఏ పంట అన్న లెక్క మాత్రం హారతి పళ్లెంలో కనిపించలేదు.

మా ప్రాంతం నుంచి జాతీయ స్థాయికి చేరినది లేదా అంటే, ఉంది. పుంగనూరు ఆవు. పొట్టిది, కొంచెం మేతతో బతుకుతుంది, పాలలో వెన్న ఎక్కువ. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో ఆయన చేతి మేత తిన్నది. అదొక్కటే ఢిల్లీదాకా ఎందుకు పోగలిగిందో నాకు తెలుసు. ఎంత పిలిచి మేపినా అభిప్రాయం చెప్పదు. మనం గంగిరెద్దులా తలూపడం నేర్చుకోవడానికి ఇంకా కాలం పడుతుంది.

'ఎన్నికైన ప్రభుత్వం ఉండగా ఈ సంస్థల మాట ఎందుకు వినాలి' అని అడిగేవాళ్లుంటారు. న్యాయమే. పంచాయతీ కూడా ఎన్నికైనదే. దాని మాటా వినడం లేదుగా! వాతావరణ మార్పు మీద 2008లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఎనిమిది మిషన్లతో విడుదలైంది, తర్వాత రాష్ట్రాలు తమవి రాసుకున్నాయి. అక్కడితో ఆగింది. గ్రామసభ దాకా దిగలేదు.

కాబట్టి ఈసారి సమావేశం పెట్టేవాళ్లకు ఒక చిన్న మనవి. నివేదిక చివర ఇంకొక గడి గీయండి: 'జనం వద్దన్నవి, మేము తీసేసినవి.' అది ఖాళీగా ఉంటే సంతకాల కాగితాలు జతచేయకండి. భోజనాల బిల్లు ఒక్కటి పెడితే చాలు.