జరీ గుచ్చుకుంటుందట

మా ఇంట్లో నడుం నొప్పి ఇద్దరికి. ఒకణ్ణి నేను. రెండోవాడు పండు, మా డాషండ్ కుక్క. సీనియారిటీ నాదే. అయినా బెంగళూరు మడివాళలో మా వీధిలో ఎవరినైనా అడగండి, వాడి నడుం గురించే చెప్తారు.

మొన్న కార్తీకంలో ఒకరోజు సోఫా మీంచి దూకి కుయ్యిమన్నాడు. కాసేపటికి ముందు కాళ్లు పాలగిన్నె వైపు పోతున్నాయి, వెనక కాళ్లు రామంటున్నాయి. "వేషాలు" అని తేల్చేశాను. నా నొప్పి మీద మా ఆవిడ ఇచ్చిన తీర్పే అది.

"మీవి వేషాలు. వాడిది నొప్పి" అని ఆవిడ ఆటో పిలిచింది. సిల్క్ బోర్డు దాటేదాకా గుంత గుంతకీ "నిధానవాగి అణ్ణా" అంటూనే ఉంది. నన్ను తీసుకెళ్లిన రోజు కళ్లన్నీ మీటరు మీదే.

డాక్టరుగారు వెనక కాలి వేలు గట్టిగా నొక్కారు. కాలు వెనక్కి లాక్కుంటే చాలదట, అది మెదడుతో పనిలేకుండా వెన్నుపాము చేసేసేదే. తల తిప్పి చూడాలి, మూలగాలి, అప్పుడే నొప్పి కబురు మెదడుకి చేరినట్టు. పండు ఏకంగా కరవబోయాడు. "వెరీ గుడ్" అన్నారాయన. నేను విసుక్కుంటే వెరీ గుడ్ అన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

పొడుగు నడుం, పొట్టి కాళ్ల జాతి ఇది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులు వీటికి చిన్నవయసులోనే గట్టిపడతాయి. ఎప్పుడో ఒక గెంతుకి లోపలిది బయటికి తన్నుకొచ్చి వెన్నుపాముని నొక్కేస్తుంది. వేలు నొక్కితే తెలిసే ఆ నొప్పే పోతే ఆపరేషన్ చెయ్యాలి, అదీ ఒకటి రెండు రోజుల్లోపే. పిడుదుల వల్ల వచ్చే జ్వరమేమోనని రక్తం కూడా తీశారు. అది కాదు. మందులు రాసి, నాలుగు నుంచి ఆరు వారాలు బోనులో కదలకుండా విశ్రాంతి అన్నారు.

ఆరు వారాల విశ్రాంతి! నా నడుం పట్టేసినప్పుడు ఒక్క పూట పడుకుంటానంటే, నడిస్తే తగ్గుతుందని మా ఆవిడ సంచి చేతికిచ్చి మడివాళ మార్కెట్‌కి తోలింది.

జారే నేల పనికిరాదన్నారు. అద్దంలా మెరిసే టైల్స్ ఏరికోరి వేయించింది నేను, వచ్చిన చుట్టాలకల్లా ధర చెప్పుకున్నదీ నేనే. ఇప్పుడు వాటిమీద గోనెపట్టాలు. ముందుగా పరిచింది నా యోగా మ్యాట్.

ఇక ఒంటికి తీసుకెళ్లాలంటే పొట్ట కింద గుడ్డ వేసి వెనకభాగం ఎత్తిపట్టుకోవాలి. తువ్వాలు చాల్లేదు. మా అమ్మాయి బీరువా తీసి, ఉగాదికి తెలుగు సంఘంవాళ్లు నాకు కప్పిన శాలువా పట్టుకొచ్చింది.

"నాన్నా, వెడల్పుగా ఉంది, మెత్తగా ఉంది. ఎలాగూ నువ్వు కప్పుకోవుగా!"

దాచుకున్నాను తల్లీ, అందామనుకున్నాను. ఈలోగా మా ఆవిడ అంచు తడిమి చూసింది. "జరీ వాడికి గుచ్చుకుంటుందే" అని, బ్లేడు తెచ్చి కుట్లు విప్పేసింది. సన్మానం ఇంత చుట్టగా బల్లమీద పడింది.

రెండు కొసలూ పట్టుకుని వంగి వంగి వీధిలో నడిచేవాణ్ణి. కొట్టు ఆయన రోజూ పలకరించేవాడు, "పండు హేగిదానె సార్?" అని, అంటే ఎలా ఉన్నాడని. వంగింది నేను కదా స్వామీ!

వాడిప్పుడు నడుస్తున్నాడు, మలుపు తిరిగేటప్పుడు కాస్త తూలుతాడు. సోఫా ఎక్కడం నిషేధం, ఎత్తి కూర్చోబెట్టే ఉద్యోగం నాది.

మీ ఇంట్లోనూ కుక్కకి ఉన్నట్టుండి వెనక కాళ్లు తూలితే తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. మీరు మింగే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ దానికి పెట్టకండి, పొట్ట, కిడ్నీలు రెండూ దెబ్బతింటాయి. ఒంటికి పోతోందో లేదో చూడండి, పోకపోతే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి. నడుం కదలకుండా చెక్కమీద పడుకోబెట్టి తీసుకెళ్లండి. శాలువాలున్నవాళ్లు మాత్రం, జరీ మీ చేత్తో మీరే విప్పి దాచుకోండి.